తేట నీరు, తళతళలాడే కత్తెర: రెండింటినీ నమ్మొద్దు

గోదావరికి ఎర్రనీరు వచ్చే కాలం ఇది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. ఈ అంకెలు పట్టిసీమ, గూటాల, పోలవరం రేవుల్లో పెద్దవాళ్ళకు కంఠతా వచ్చు. ఏ అంకెకు పశువుల్ని మెరకకు తోలాలో, ఏ అంకెకు బియ్యం బస్తా అటకెక్కించాలో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి పోయినప్పుడూ జనం ఈ అంకెలు చూసుకునే కదిలారు.

వరద తీశాక మొదలయ్యే ముప్పుకు మాత్రం గేజి లేదు, సైరన్ లేదు. మునిగిన బావి, మునిగిన బోరు, పగిలిన పైపు, పొంగిన మరుగుదొడ్డి అన్నీ ఒకే నీటిలో కలిసిపోతాయి. నాలుగు రోజులకు బురద అడుక్కి దిగి నీరు తేటపడుతుంది. తేటపడగానే జనం బిందె ముంచుతారు. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. అతిసారం, కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములకు రంగు లేదు. వాటితో నిండిన నీరు గాజుగ్లాసులో పోస్తే ముత్యంలా మెరవవచ్చు.

అందుకే ఈ హెచ్చరిక. చెప్పదలచుకున్నది ఒక్కటే: సూక్ష్మజీవి మీద పైచేయి సాధించేది కొలత, కంటిచూపు కాదు. తాగే నీరైనా, పురిటి గదిలో కత్తెరైనా, మంగలి కత్తైనా అడగవలసినవి మూడే ప్రశ్నలు. ముందు మురికి వదిలించారా? ఎంత వేడి, లేదా ఎంత మందు? ఎంతసేపు? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా జరిగింది శుద్ధి కాదు, శుద్ధి చేశామన్న తృప్తి మాత్రమే.

పట్టిసీమ నుంచి ఎందుకు చెప్పాలి

ఏటి మధ్య దేవకూట పర్వతం మీద వీరభద్రస్వామి గుడి. మహాశివరాత్రికి ఒడ్డు నుంచి లాంచీల మీద, పడవల మీద జనం ఇసకపర్రల్లోకి వచ్చిపడతారు. అంతమంది ఒక్కచోట చేరి, అక్కడే స్నానం చేసి, అక్కడే వండుకుని, అక్కడి నీళ్ళే తాగితే ఒక్క ఇంట్లో పుట్టిన విరేచనాలు వారం తిరక్కుండా పది మండలాలకు పాకగలవు. ఇక 2027లో గోదావరి పుష్కరాలు. 2015 జులై 14 నుంచి 25 దాకా జరిగిన పుష్కరాల్లో ఈ నది ఒడ్డున ఎంత జనం నిలిచారో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. మళ్ళీ అంత జనం రావడానికి ఎంతో వ్యవధి లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడి ఎత్తిపోతల పథకంలో 24 పంపులు కలిసి 8,500 క్యూసెక్కుల దాకా గోదావరి నీటిని తోడి పోలవరం కుడి కాలువలో పోస్తాయి. ఆ నీరు వెళ్ళి విజయవాడ ఎగువన కృష్ణలో కలుస్తుంది. డెల్టా ఊళ్ళు కాలువ నీటితోనే మంచినీటి చెరువులు నింపుకుంటాయి. పంపు నీటిని ఎత్తుతుందే తప్ప కడగదు. ఇక్కడ ఏటిలో కలిసిందేదైనా అక్కడెక్కడో ఒక బిందెను వెతుక్కుంటూ పోతుంది. మధ్యలో దాన్ని ఆపవలసింది ఫిల్టర్ బెడ్లూ క్లోరినూ. అవి పని చేస్తున్నాయో లేదో కొలిచి చూసే మనిషి ఆ తర్వాతి కావలి.

ఇదేదో పాతకాలపు భయం అనుకోవద్దు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అక్కడా కుళాయిలున్నాయి, ట్యాంకులున్నాయి.

రోడ్డు మీద తెల్ల గీతలు

వరద తీయగానే మన పంచాయతీల్లో కనబడే మొదటి దృశ్యం రోడ్డుకిరువైపులా బ్లీచింగ్ గీతలు. పెద్దవారెవరైనా పరామర్శకు వస్తున్నారంటే ఆ గీతలు ఇంకాస్త వెడల్పవుతాయి. ఫొటోలో చక్కగా వస్తాయి కూడా. పొడి నేల మీద చల్లిన పొడి బ్లీచింగ్ ఎండకూ గాలికీ సత్తువ కోల్పోతుంది. బురద మీద చల్లితే ఆ బురదలోని కుళ్ళుతోనే దాని బలమంతా అయిపోతుంది. బావిలో పడవలసిన క్లోరిన్ బాట మీద పోతోంది. ఈ అలవాటు మానాలి.

బ్లీచింగ్ పౌడర్ మంచి ఆయుధమే. చౌక కూడా. అయితే దానికి ఆయుష్షు తక్కువ. కొత్త సంచిలో సుమారు మూడో వంతు దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. సంచి మూతి విప్పి, గ్రామ సచివాలయం వెనక రేకుల కింద చెమ్మలో వదిలేస్తే కొన్ని వారాలకు మిగిలేది దాదాపు సున్నమే. ముక్కుపుటాలు అదిరే ఘాటు లేని బ్లీచింగ్, గడ్డలు కట్టిన బ్లీచింగ్ ఎంత చల్లినా దండగ. నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో, మూత బిగించి, చీకటిగా, పొడిగా ఉన్న చోట పెట్టాలి. సంచి మీద తయారీ తేదీ చూడాలి.

మోతాదు సంగతి. మామూలు రోజుల్లో 1,000 లీటర్ల నీటికి మంచి బ్లీచింగ్ 2.5 గ్రాములు చాలు. రెండు మీటర్ల వెడల్పున్న గుండ్రటి బావిలో మూడు మీటర్ల నీరుంటే అది సుమారు 9,400 లీటర్లు. అంటే దాదాపు 24 గ్రాములు. గుప్పిళ్ళతో చల్లడం, సంచి బోర్లించడం రెండూ తప్పే. తూచిన పొడిని బకెట్లో కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి, ఆపైన ముప్పాతిక బకెట్టు నీళ్ళు పోసి కలియబెట్టాలి. ఐదు పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీటిని వేరే బకెట్టులోకి వంపి, దాన్ని బావిలోకి దింపి నీళ్ళలో బాగా కదపాలి. అడుగున మిగిలిన సున్నం బావిలో పడకూడదు. ఆ తర్వాత కనీసం గంటసేపు ఎవరూ తోడకూడదు. రాత్రి పూట వేసుకుంటే తెల్లారేసరికి నీరు సిద్ధంగా ఉంటుంది.

వరదలో మునిగిన బావికి ఈ మోతాదు చాలదు. ముందు నీరంతా తోడించాలి, అడుగున చేరిన ఒండ్రు తీయించాలి, ఒరలు కడిగించాలి. ఊరిన నీటికి ఎక్కువ మోతాదు క్లోరిన్ పట్టించి, ఆ నీరు మళ్ళీ తోడి పారబోసి, అప్పుడు మామూలు మోతాదు వేయాలి. చేతిపంపుకైతే క్లోరిన్ నీళ్ళు లోపలికి పోసి, వాసన వచ్చేదాకా కొట్టి, రాత్రంతా వదిలి, మర్నాడు వాసన పోయేదాకా కొట్టి పారబోయాలి. ఇది పంచాయతీ, గ్రామీణ నీటి సరఫరా విభాగం చేయవలసిన పని. ఇంటివాళ్ళ మీదికి తోసేసే పని కాదు.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట: బ్లీచింగ్‌నూ, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌నూ ఎన్నడూ కలపొద్దు. విషవాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూంలో అది ప్రాణాంతకం.

చివరి కుళాయి దగ్గర కొలవండి

ట్యాంకులో క్లోరిన్ వేశామని రిజిస్టరులో రాస్తే పనైపోయినట్టు కాదు. ట్యాంకు దగ్గర వేసిన క్లోరిన్ పైపుల్లో పయనిస్తూ దారిలోని మురికితో పోరాడుతూ తరిగిపోతుంది. ఊరి చివర, అన్నిటికంటే దూరాన ఉన్న కుళాయిలో లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రోగాలు ప్రబలే రోజుల్లో 0.5 ఉండాలి. క్లోరోస్కోప్‌లో చిన్న గాజు గొట్టం నిండా నీళ్ళు పట్టి, రెండు చుక్కల మందు వేసి రంగు చూస్తే నిమిషంలో తెలిసే విషయం ఇది. ఆ పరికరం బీరువాలో ఉంటే లాభం లేదు. చివరి కుళాయి సాధారణంగా ఎక్కడుంటుందో అందరికీ తెలుసు: పల్లపు వీధిలో, పేటలో, పునరావాస కాలనీలో. పైపు కాలువ పక్కన పగిలేదీ అక్కడే, క్లోరిన్ అందనిదీ అక్కడికే.

ప్రతి వంద మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ-కోలి ఒక్కటి కూడా ఉండకూడదు. అది మనిషి, పశువు పేగుల్లో ఉండే క్రిమి. నీటిలో కనబడిందంటే మలం కలిసిందని సాక్ష్యం. హెచ్‌2ఎస్ సీసాలో నీళ్ళు పోసి వెచ్చగా ఉంచితే, మలం తాలూకు క్రిములున్నప్పుడు నీరు నల్లబడుతుంది. చదువుకున్న ఏ ఆడపిల్లయినా చేయగల పరీక్ష. వరద తీసిన వారంలో ప్రతి బోరుకీ, ప్రతి బావికీ ఈ పరీక్ష జరగాలి. నల్లబడిన సీసాను దాచిపెట్టకుండా పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెట్టాలి.

ఇంట్లో ఏం చేయాలి

బురద నీటిలో నేరుగా క్లోరిన్ మాత్ర వేస్తే ఫలితం సగమే. రేణువుల మాటున క్రిములు దాక్కుంటాయి, క్లోరిన్‌ను బురద మింగేస్తుంది. అందుకని ముందు తేర్చాలి. మన అమ్మమ్మలు చిల్లగింజను కుండ లోపలి వైపు అరగదీసి నీరు తేర్చేవారు. పటిక కూడా అదే పని చేస్తుంది. ఇవి మురికిని అడుక్కి దించుతాయి, క్రిముల్ని చంపవు. చాలా ఇళ్ళలో పని అక్కడితో ఆగిపోతోంది. తేరిన నీటిని నాలుగు మడతల నూలుబట్టలో వడగట్టి, ఆపైన కాచాలి.

గోరువెచ్చగా చేయడం కాచడం కాదు. నీరు తెర్లి కుతకుతలాడడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం అలాగే మరగనివ్వాలి. కలరా, టైఫాయిడ్ క్రిములు, కామెర్ల వైరస్‌లు ఆ వేడికి బతకవు. చల్లార్చాక అదే పాత్రలో మూతపెట్టి ఉంచాలి. చెంబు ముంచి, వేళ్ళు ముంచి తీసుకుంటే కాచిన శ్రమంతా వృథా. కుళాయి ఉన్న డ్రమ్మో, పొడవాటి కాడ ఉన్న గరిటో వాడాలి. పొయ్యి వెలగని వరద రోజుల్లో ఆశా కార్యకర్త ఇచ్చే క్లోరిన్ మాత్రలే దిక్కు. ఒక మాత్ర ఎన్ని లీటర్లకో అట్ట మీద రాసి ఉంటుంది. అరగంట ఆగి తాగాలి. ఎండలో సీసాలు పెట్టే పద్ధతి ఒకటి ఉంది, తేట నీటికి గట్టి ఎండలో ఆరు గంటలు కావాలి. మబ్బు పట్టిన వరద రోజుల్లో దాని మీద ఆధారపడొద్దు.

టిన్ను నీళ్ళు కొనుక్కుంటున్నాం కాబట్టి మాకేం భయం లేదనేవారున్నారు. ప్లాంటులో నీరు ఎంత శుద్ధిగా బయటికొచ్చినా అందులో క్లోరిన్ మిగిలి ఉండదు. కడగని టిన్నులో పోసినా, మురికి చేత్తో మూత తీసినా మళ్ళీ క్రిములు చేరతాయి, అడ్డుకునేది ఏమీ ఉండదు. రుచిగా ఉండడం వేరు, రక్షణగా ఉండడం వేరు. టిన్ను లోపల పాకుడు జారుతుంటే ఆ నీళ్ళు తిప్పి పంపండి.

కాచడానికి లొంగనివి కూడా ఉన్నాయి. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి కళ్ళు తిరిగి, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయి. పురుగుమందుల అవశేషాల మీదికే నిపుణుల అనుమానం మళ్ళింది. సీసాన్నీ పురుగుమందునూ మరిగించి పోగొట్టలేం. నీరు ఇగిరే కొద్దీ లోహం చిక్కబడుతుంది కూడా. పురుగుమందుల షాపో, చేల మందు డబ్బాలో వరదలో మునిగిన చోట ఆ నీటిని కాచి తాగమని ఎవరూ సలహా ఇవ్వొద్దు. ట్యాంకరు తెప్పించాలి.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం ప్యాకెట్టు, అరచెంచా లెక్కలు వద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పసివాడు నీరసించి కళ్ళు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, తాగింది నిలవకపోయినా రేవు దాటి ఆసుపత్రికి వెళ్ళడానికి తెల్లారేదాకా ఆగొద్దు.

మరిగించిన సూది నమ్మదగినది కాదు

నీటి విషయంలో సరిపోయిన కాచడం శస్త్రచికిత్స పరికరాలకు చాలదు. ఇక్కడే చదువుకున్నవాళ్ళు కూడా పొరబడుతున్నారు. తాగేనీటిలో రోగక్రిములు చనిపోతే చాలు. కడుపులో ఆమ్లం ఉంది, పేగు గోడ ఉంది, రక్షణలున్నాయి. కత్తి చర్మాన్ని కోసి లోపలికి వెళ్ళినప్పుడు ఆ గోడలేవీ లేవు. అక్కడ ఒక్క క్రిమీ ఉండకూడదు. ధనుర్వాతం, గ్యాస్ గాంగ్రీన్ తెచ్చే బాక్టీరియాలు స్పోర్ అనే గట్టి కవచం కట్టుకుని మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉంటాయి. 100 డిగ్రీల మరిగే నీటిలో ఇరవై నిమిషాలు ఉంచినా వాటిలో కొన్ని బతికి బయటపడతాయి.

వాటిని చంపడానికి 1879 ప్రాంతంలో పాశ్చర్ శిష్యుడు చార్లెస్ చాంబర్లాండ్ ఆటోక్లేవ్ తయారుచేశాడు. మన వంటింటి ప్రెషర్ కుక్కర్ సూత్రమే. చదరపు అంగుళానికి 15 పౌన్ల అదనపు ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడి ప్రతి పరికరానికీ తగిలేలా కనీసం 15 నిమిషాలు, బట్టలో చుట్టిన మూటలకైతే 30 నిమిషాల దాకా ఉంచాలి. లోపలి గాలి పూర్తిగా బయటికి పోకపోతే ఒత్తిడి ముల్లు 15 చూపిస్తుంది, వేడి మాత్రం 121 అందుకోదు. మూటలు కుక్కి పెడితే నడిమధ్యకు ఆవిరి చొరబడదు. తడి మూట బయటికి తీస్తే ఆ తడిగుండానే క్రిములు లోపలికి దిగుతాయి. పరికరానికి రక్తం ఎండి అంటుకుని ఉంటే దానికింద ఉన్న క్రిమికి వేడి సరిగా సోకదు. అందుకే ముందు కడగాలి. మూట మీద టేపు చారలు నల్లబడితే అది ఆటోక్లేవ్‌లోకి వెళ్ళి వచ్చిందని మాత్రమే అర్థం, లోపల క్రిములన్నీ చచ్చాయని కాదు. అది తేలాలంటే వేడికి మొండిగా నిలిచే స్పోర్లున్న పట్టీని లోపల పెట్టి, తర్వాత ప్రయోగశాలలో పెంచి చూడాలి. ఆ పరీక్ష ఎప్పుడు చేశారని మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, నర్సింగ్ హోముల్లో ఎందరు అడుగుతున్నారు?

అడగకపోతే ఏమవుతుందో తెలుగు నేల మీద చూశాం. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్ఫెక్షన్ సోకడమే కారణమని తేలింది, బాధ్యుల మీద చర్యలూ తీసుకున్నారు. వెళ్ళినప్పుడు ఆ తల్లులు రోగులు కారు, ఆరోగ్యవంతులు. అంతకుముందు 2016 జూన్ చివరిలో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కళ్ళలో ఇన్ఫెక్షన్ సోకింది, కొందరి చూపు పోయింది. కంటిని కడగడానికి వాడిన రింగర్ లాక్టేట్ ద్రావణంలోనే క్లెబ్సియెల్లా బాక్టీరియా ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. వైద్యుడి చెయ్యి ఎంత నేర్పుగలదైనా సీసాలోని క్రిమి ముందు ఆ నేర్పు నిరర్థకం.

ఇంకా వెనక్కి వెళ్తే, 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో ప్లేగు టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. టీకా కనిపెట్టిన హాఫ్కిన్ మీద నింద పడింది. సంవత్సరాల తర్వాత తేలిందేమిటంటే, సీసా మూత తీసే పటకారు నేల మీద పడింది, దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారు. మట్టి అంటిన ఒక్క పటకారు 19 ప్రాణాలను తీసింది, ఒక శాస్త్రవేత్త పేరును మసకబరిచింది, టీకా మీద జనానికున్న నమ్మకాన్ని దెబ్బతీసింది.

మన ఊళ్ళలో ఇవాళ జరుగుతున్నదేమిటి? నీరసంగా ఉందంటే ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళి సెలైన్ ఎక్కించుకుంటాం. నోటితో మింగితే సరిపోయే మందుకు ఇంజక్షన్ కావాలని పట్టుబడతాం. ఆ సూది కవరు మన కళ్ళముందే చించారా? సిరంజి కొత్తదా? మందు సీసాలో ఇంతకుముందు వాడిన సూది ముంచారా? గాయానికి కట్టే దూది ఏ డబ్బాలోంచి తీశారు? సూదిని స్పిరిట్‌తో తుడవడం శుద్ధి కాదు, మరిగించిన నీళ్ళలో వేసి తీయడం అంతకన్నా కాదు. ఒక మనిషికి ఒక సూది, ఒక సిరంజి, ఆ వెంటనే దాన్ని విరిచి పారేయడం. ఇందులో బేరం లేదు. అవసరం లేని ఇంజక్షన్‌ను వద్దనడం అన్నిటికంటే గట్టి రక్షణ.

కత్తి, సూది, బొడ్డుతాడు

తిరనాళ్ళలో పుట్టువెంట్రుకలు తీయిస్తాం, పిల్లలకు చెవులు కుట్టిస్తాం, కుర్రవాళ్ళు చేతి మీద పచ్చబొట్లు పొడిపించుకుంటారు. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరక మీద కనీసం వారం రోజులు బతికి ఉండగలదు. ఒక తల గీసిన కత్తిని డెటాల్ నీళ్ళలో ముంచి మరో తలకు పెడితే అది నమ్మదగ్గ శుద్ధి కాదు, ఎందుకంటే మూడు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికీ అక్కడ జవాబు లేదు. తలకొక కొత్త బ్లేడు. చెవికొక కొత్త సూది. పచ్చబొట్టు సూదీ, సిరా గిన్నే మనిషికి వేరు. రెండు రూపాయల బ్లేడు కోసం బేరమాడే చోట కాస్త గట్టిగా మాట్లాడడం తల్లిదండ్రుల బాధ్యత.

పోలవరం ఏజెన్సీ గూడేల్లో వరద రోజుల్లో దారులు తెగి ఇంట్లోనే ప్రసవాలు జరిగే అవకాశం ఉంది. నెలలు నిండిన గర్భిణులను వరదకు ముందే ఆసుపత్రి దగ్గరికి చేర్చడం అధికారుల మొదటి పని. తప్పని పరిస్థితి వస్తే ఐదు శుభ్రతలు గుర్తుంచుకోవాలి: సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన పక్క, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ రాయకుండా ఉంచడం. కొడవలి, వెదురు బద్ద, బూడిద, పేడ, పసుపు ఏవీ వద్దు. పుట్టిన పిల్లల ధనుర్వాతాన్ని దేశం తుడిచిపెట్టిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరించింది. టీకాతో పాటు ఇలాంటి చిన్నచిన్న పట్టుదలలే ఆ గెలుపు తెచ్చాయి. మన నిర్లక్ష్యం దాన్ని పోగొట్టకూడదు.

వరద బురదలో పని చేసేవారికి ఇంకో మాట. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో చిట్లిన కాళ్ళతో తిరిగితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. బూట్లు వేసుకోండి, గాయం ఉంటే కప్పండి, తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం టీకా వేయించుకోండి. జ్వరం, ఒళ్ళునొప్పులు, కళ్ళెర్రబడడం కనిపిస్తే వరద నీళ్ళలో తిరిగామని డాక్టరుతో విధిగా చెప్పండి.

మాత్రతో సరిపెట్టుకోవద్దు

క్రిముల్ని అడ్డుకోవడం చేతకాక, లోపలికి వచ్చాక మాత్రతో చంపుదామనుకోవడం మనకు అలవాటైపోయింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధన విభాగాన్ని నడుపుతున్న రోజుల్లోనే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి అందింది. మన గోదావరి జిల్లా బిడ్డ నడిపిన విభాగం ఇచ్చిన ఆ కోవ ఆయుధాలను మనమే మొద్దుబారుస్తున్నాం. విరేచనాలకు రెండు మాత్రలు, జలుబుకు మూడు, తగ్గిందనిపిస్తే మిగతావి డబ్బాలోకి. చాలా జలుబులూ, పిల్లల విరేచనాల్లో అధికభాగమూ వైరస్‌ల వల్ల వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. సగం మోతాదుకు చావని బాక్టీరియా ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. చేపల, రొయ్యల చెరువుల్లో విచ్చలవిడిగా పోసే మందులు అదే చదువును ఇంకాస్త వేగంగా నేర్పుతాయి. ఆటోక్లేవ్‌కూ, మరిగే నీటికీ, సబ్బుకూ ఎదురునిలవడం కొత్తగా నేర్చుకోవడం ఏ క్రిమికీ అంత తేలిక కాదు. శుద్ధి సరిగ్గా ఉంటే మాత్ర అవసరమే తగ్గుతుంది.

ఈ వారంలో జరగవలసినవి

జిల్లా యంత్రాంగానికి: వరద ముంపు ఊళ్ళ జాబితాతో పాటు ముంపు బావుల, బోర్ల జాబితా ఉండాలి. ప్రతి సచివాలయంలో తయారీ తేదీ చూసి తెచ్చిన బ్లీచింగ్, తూకం, క్లోరోస్కోప్, హెచ్‌2ఎస్ సీసాలు ఇప్పుడే చేరాలి. పునరావాస శిబిరానికి ముందు వెళ్ళవలసింది క్లోరిన్ కలిపిన నీటి ట్యాంకరు, తర్వాత పులిహోర పొట్లాలు. పుష్కరాల పనుల్లో ఘాట్ల మెట్లకు, రంగులకు పెట్టే శ్రద్ధలో కొంత తాగునీటి పాయింట్లకూ మరుగుదొడ్లకూ దక్కాలి. ప్రతి పాయింటు దగ్గర క్లోరిన్ అంకె రోజూ బోర్డు మీద రాయాలి.

ఆసుపత్రులకు: ఆటోక్లేవ్ ప్రతి విడతకూ వేడి, ఒత్తిడి, సమయం రాసిన పుస్తకం ఆపరేషన్ గది బయట కనబడేలా పెట్టండి. వారానికోసారి స్పోర్ పరీక్ష చేయించండి. ఒకే రోజు శుద్ధి చేయగలిగినన్ని పరికరాలకు మించి ఆపరేషన్లు పెట్టుకోవద్దు. లక్ష్యాలు చేరాలన్న ఒత్తిడి ఎంత ఉన్నా పరికరాలను తగినంతసేపు శుద్ధి కానివ్వని క్యాంపును వాయిదా వేయండి.

ఊరి జనానికి: పంచాయతీ కార్యదర్శిని నిలదీసి అడగండి, మా చివరి కుళాయిలో ఈ రోజు క్లోరిన్ ఎంత? నర్సమ్మను మర్యాదగా అడగండి, ఈ మూట ఎన్ని గంటలకు ఆటోక్లేవ్‌లో పెట్టారమ్మా? మంగలిని అడగండి, బ్లేడు మార్చావా? అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ళు ఉంటారు. మంచి వైద్యుడు మాత్రం ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు, ఎందుకంటే లెక్క సరిగ్గా ఉన్నవాడికి దాచవలసింది ఏమీ ఉండదు. జవాబు అంకెలో రాకపోతే ఆ నీళ్ళు తాగొద్దు, ఆ సూది పొడిపించుకోవద్దు. వచ్చే గ్రామసభ ఎజెండాలో మొదటి అంశంగా ఊరి నీటి పరీక్ష ఫలితాలు చదివి వినిపించాలని ఇవాళే అర్జీ పెట్టండి. ముంపు రాకముందే పెట్టండి.